క్యాన్సర్ గడ్డ చిట్టీ సదివే సాఫ్ట్‌వేర్‌ల మనమెంతమందిమి?

ఈ నడుమ పట్నం దవాఖానల నుంచి ఊర్లకు ఒక కొత్త కాయిదం వస్తున్నది. ఎక్స్‌రే కాదు, స్కానింగ్ కాదు, మామూలు రక్త పరీక్ష కూడ కాదు. పదిహేను ఇరవై పేజీల పుస్తకం లెక్క ఉంటది. మీద రంగురంగుల గీతలు, లోపలంత ఇంగ్లీషు అక్షరాలు, నడుమ నడుమ అంకెలు. ఈజీఎఫ్‌ఆర్ ఎల్858ఆర్ అంట, టీపీ53 అంట, ‘టియర్ వన్’ అంట, ‘వీయూఎస్’ అంట. దవాఖానోళ్ళు దీన్ని ఎన్‌జీఎస్ రిపోర్టు అంటరు. ఊర్లె ఎవరింట్ల క్యాన్సర్ వచ్చినా, డిగ్రీ సదివిన పోరడో పిల్లో ఎవరున్నరో చూసి వాళ్ళ చేతుల పెడుతున్నరు, ‘జర సూడు బిడ్డా, ఏమున్నదో’ అని.

గందుకే ఈ ముచ్చట మీకు చెప్తున్న. రేపో మాపో ఆ కాయిదం మీ వాట్సాప్‌కు కూడ వస్తది. నేను డాక్టర్‌ను కాదు. బయో ఇన్ఫర్మాటిక్స్ సదువుకున్న, గిసొంటి డేటా తోని కొన్నేండ్లు పనిచేసిన. ఆ రిపోర్టు ఎట్ల తయారైతదో, ‘ఈ మందు పనికొస్తది’ అనే ఆ ఒక్క వాక్యం ఏడికెంచి వస్తదో నాకు తెల్సు. ఆ వాక్యం రాసే ముందట డాక్టర్ కంటే ఎక్కువ పని సాఫ్ట్‌వేర్ చేస్తది. చివరికి సంతకం మనిషిదే, కాని అప్పటిదాక నడిచిన తొవ్వంత కంప్యూటర్‌దే. ఆ కంప్యూటర్ ఏ పుస్తకం చూసి చెప్తున్నది, ఆ పుస్తకంల మనసొంటోళ్ళ లెక్క ఎంత ఉన్నది? ఈ సవాల్ ఎవరూ అడుగుతలేరు.

2022ల మన దేశంల కొత్తగ క్యాన్సర్ వచ్చినోళ్ళు 14 లక్షల 60 వేలకు పైనే ఉంటరని ఐసీఎంఆర్ క్యాన్సర్ రిజిస్ట్రీ అంచనా కట్టింది. అంటే ఇది పెద్దోళ్ళ రోగం, పట్నపోళ్ళ రోగం అనుకునే రోజులు ఎప్పుడో పోయినయి.

ముందుగాల్ల పని ఎట్ల నడుస్తదో చూద్దాం. గడ్డల నుంచి సూది తోని చిన్న ముక్క తీస్తరు. దాన్ని ఫార్మలిన్‌ల ఏస్తరు, తర్వాత మైనంల పెట్టి దిమ్మె చేస్తరు. దీన్నే దవాఖానల ‘బ్లాక్’ అంటరు. ఆ బ్లాక్‌ను పల్సటి పొరలుగ కోసి, అండ్లకెంచి డీఎన్‌ఏ తీసి, సీక్వెన్సింగ్ మిషన్ల పెడ్తరు. మనిషి డీఎన్‌ఏ మొత్తం 300 కోట్ల అక్షరాల గ్రంథం అనుకోండ్రి. మిషన్ దాన్ని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాక వరసగ సదవదు. గ్రంథాన్ని చింపి కుప్ప పోసినట్టు, చిన్న చిన్న తునకలు సదివి పారేస్తది. ప్యానెల్ పరీక్ష అయితే కొన్ని వందల జీన్ల తునకలే సదువుతది. ఏ తునక ఏ పేజీల ఏ వరసదో జోడించేది సాఫ్ట్‌వేర్. బీడబ్ల్యూఏ అని ఒకటి ఉన్నది, 2009ల వచ్చింది, ఇప్పటికీ చానా ల్యాబులల్ల అదే నడుస్తది. జోడించినంక ఏడ అక్షరం మారిందో పట్టుకునుటానికి ఇంకోటి. అమెరికాల బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన మ్యూటెక్ట్ అసొంటిది. ఈ రెండూ ఫ్రీగ దొరికేటివే.

గీడిదాక లెక్కల పని. కంప్యూటర్ మంచిగనే చేస్తది. కాని అక్షరం మారిందని పట్టుకునుడు ఒక పని, మారితే ఏమైతదో చెప్పుడు ఇంకో పని. ఈ రెండోదాని కాడనే అసలు లొల్లి.

గడ్డల అక్షరాలు ఒకటి రెండు కాదు, కొన్నిసార్లు వందలు వేలు మారి ఉంటయి. అన్నీ క్యాన్సర్‌ను నడిపియ్యవు. సైంటిస్టులే దీనికి పేర్లు పెట్టిన్రు, డ్రైవర్ మ్యుటేషన్, ప్యాసింజర్ మ్యుటేషన్ అని. మన షేర్ ఆటో యాది చేసుకోండ్రి. పదిమంది కూసుంటరు, నడిపేటోడు ఒక్కడే. ఆటోను ఆపాల్నంటే వాన్ని పట్టాలె, ఎనక కూసున్న అవ్వను పట్టుకుంటే ఏం లాభం? కని గడ్డల డ్రైవర్ ఎవడో మొకం మీద రాసి ఉండదు. 2021ల ఐఐటీ మద్రాసోళ్ళు ఎన్‌బీడ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చిన్రు. మారిన అక్షరం చుట్టుపక్కల ఏ అక్షరాలున్నయో చూసి, ఇది డ్రైవరా ప్యాసింజరా అని అంచనా కడ్తది. 2023ల గూగుల్ డీప్‌మైండ్ ఆల్ఫామిస్సెన్స్ అని తెచ్చి, మనిషి ప్రొటీన్లల్ల జరిగేటందుకు వీలున్న 7 కోట్ల 10 లక్షల మార్పులకు మార్కులు ఏసింది. 89 శాతం మార్పులను ఇది చెడ్డదో ఇది ఏం చెయ్యదో అని జమ చేసింది. టీవీలల్ల మస్తు చెప్పిన్రు. కని దాన్ని తయారుచేసినోళ్ళే, రోగి వైద్యానికి నేరుగ వాడొద్దు అని రాసి పెట్టిన్రు. ప్రొటీన్ ఖరాబైతదా అన్నది ఒక సవాల్. ఈ మనిషికి ఈ మందు పనిచేస్తదా అన్నది వేరే సవాల్. మొదటిదానికి జవాబు చెప్పిన మిషన్‌ను రెండోది అడిగితే ఎట్ల?

ఆ రెండో సవాల్‌కు జవాబు చెప్పేటివి ఎరుకపుస్తకాలు. డేటాబేస్‌లు అంటరు గని, నాకైతే మన పాత వైద్యుల కాడ ఉండే చేతిరాత పుస్తకం యాదికొస్తది. ఫలాన మార్పు, ఫలాన చోట క్యాన్సర్‌ల కనవడితే, ఫలాన మందు పనిచేసింది, రుజువు ఎంత గట్టిది అని ఒక్కొక్కటి మనుషులు పరిశోధనలు సదివి ఎక్కిస్తరు. న్యూయార్క్‌ల మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ దవాఖానోళ్ళది ఆంకోకేబీ. సెయింట్ లూయిస్‌ల వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళది సివిక్. ఇంగ్లండ్ సాంగర్ ఇన్‌స్టిట్యూట్‌ది కాస్మిక్. అమెరికా సర్కారుది క్లిన్‌వార్. మీ చేతుల రిపోర్టుల ‘టియర్ వన్’ అని ఉంటే, గట్టి రుజువు ఉన్నది, మందో వైద్యమో దీని మీద ఆధారపడ్తది అని అర్థం. టియర్ టూ అంటే కొంత రుజువు. టియర్ త్రీ అంటే అర్థం తెల్వని మార్పు. టియర్ ఫోర్ అంటే ఏం చెయ్యనిది. 2017ల అమెరికా డాక్టర్ల, ల్యాబుల సంఘాలు మూడు కలిసి ఈ మెట్లు పెట్టినయి, మన ల్యాబులు కూడ అవే వాడుతున్నయి.

మరి ఒక అక్షరం మారితే ఒకటే మందు అని లెక్క కట్టొచ్చు గద, కంప్యూటర్‌కు గింత కష్టమెందుకు? ఒక్క ఉదాహరణ చెప్త. బీరాఫ్ అనే జీన్ల వీ600ఈ అనే మార్పు ఉంటది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ల అది కనవడితే వెమురాఫెనిబ్ అనే మందు గట్టిగ పనిచేస్తది, 2011ల అమెరికాల అనుమతి కూడ వచ్చింది. సరిగ్గ అదే మార్పు పెద్దపేగు క్యాన్సర్‌ల కూడ ఉంటది. అదే అక్షరం, అదే చోటు. అదే మందు ఇస్తే? చానా మందికి పనిచెయ్యలే. ఎందుకంటే పేగు క్యాన్సర్ కణంల ఈ తొవ్వ మూస్తే, ఈజీఎఫ్‌ఆర్ అనే ఇంకో తొవ్వ తెర్సుకుంటది. 2012ల ఈ సంగతి బయటపడ్డది. రెండు తొవ్వలూ ఒక్కసారి మూసే మందుల జోడికి 2020ల అనుమతి వచ్చింది. అంటే సాఫ్ట్‌వేర్ అక్షరం ఒక్కటే చూసి ‘మందు ఉన్నది’ అని రాస్తే మనిషి పాణం మీదికి వస్తది. ఏ అవయవంల, ఏ మార్పు పక్కన, ఏ మందు తర్వాత అన్నీ చూడాలె.

ఇంకో ముచ్చట మనోళ్ళు పట్టించుకోరు. పరీక్ష అంటే ‘మందు దొరుకుతది’ అనే చూస్తరు. ‘ఈ మందు కొనకు’ అని చెప్పేది కూడ పరీక్షనే. పెద్దపేగు క్యాన్సర్ ముదిరినోళ్ళకు సెటుక్సిమాబ్ అని ఖరీదైన సూది ఉంటది. గడ్డల కేరాస్ జీన్ మారి ఉంటే అది పనిచెయ్యదు. ఆ సంగతి తెల్వక పొలం అమ్మి సూదులు ఏయించుకున్నా లాభం లేదు. నా మటుకు నేను, బీదోళ్ళకు ఈ పరీక్షల తోని అయ్యే పెద్ద మేలు ఇదేనంట. ఆశ పెట్టే రిపోర్టు కంటె, అప్పు ఆపే రిపోర్టు గొప్పది.

మా మేనత్తకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. బీడీ ముట్టలే, చుట్ట ముట్టలే. అసొంటోళ్ళల్ల, అండ్ల ఆడోళ్ళల్ల, ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఎక్కువ కనవడ్తది. మన దేశంల ఊపిరితిత్తుల అడినో రకం క్యాన్సర్ వచ్చినోళ్ళల్ల ఇంచుమించు నలుగురిల ఒక్కరికి ఈ మార్పు ఉంటది. గోలీల తోని రోగం అణిగే వీలున్న మార్పు ఇది. అందుకే అందరం ఆ రిపోర్టు కోసం ఎదురుచూసినం. మొదటి బ్లాక్ పంపితే ‘డీఎన్‌ఏ సరిపోలే’ అని మల్ల పంపిన్రు. ముక్క తీసిన దవాఖానల దాన్ని సరైన ఫార్మలిన్‌ల పెట్టలే, పెట్టాల్సినంత సేపు పెట్టలే. మల్ల సూది, మల్ల ముక్క, ఇరవై దినాలు పోయినయి. రెండో రిపోర్టు వచ్చినంక మా బామ్మర్ది రాత్రి పది గంటలకు ఫోన్ చేసిండు. ‘బావా, అమ్మకు పదకొండు మ్యుటేషన్లట, తొమ్మిది అర్థం కానియట, ఇగ ఇంటికి తీస్కపోవాల్నా?’ అని. ఆ పోరని గొంతుల భయం నాకు ఇప్పటికీ ఇనవడ్తది.

ఆ పదకొండులల్ల ఒకటి ఈజీఎఫ్‌ఆర్ ఎల్858ఆర్. అంటే ఆ ప్రొటీన్ల 858వ చోట ల్యూసిన్ అనే ముక్క పోయి ఆర్జినిన్ వచ్చింది. అదీ డ్రైవర్, దానికి మందున్నది. ఇంకోటి టీపీ53, చానా రకాల క్యాన్సర్లల్ల కనవడేదే, దానికని ప్రత్యేకం మందేం రాయలే. మిగిలిన తొమ్మిది వీయూఎస్. వీయూఎస్ అంటే రోగం కాదు, ‘మాకు ఇంక తెల్వదు’ అని ల్యాబోళ్ళు ఒప్పుకునుడు. పుట్టుక తోని వచ్చే జీన్ మార్పుల సంగతి చూస్తే, మొదలు వీయూఎస్ అని రాసినవాటిల తర్వాత తీర్పు మారినయి ఎక్కువ మటుకు ‘ఏం చెయ్యనివి’ అనే తేలినయి. అత్తకు గోలీలు మొదలుపెట్టిన్రు, నడుస్తున్నది. కని ‘తొమ్మిది తెల్వనియి’ అన్నది నన్ను ఇడ్సిపెట్టలే. ఎందుకు తెల్వదు? ఎవరికి తెల్వదు?

జవాబుల కొంత భాగం గిక్కడున్నది. ప్రతి మనిషి డీఎన్‌ఏ, మచ్చుకు పెట్టుకున్న గ్రంథం తోని పోలిస్తే, 40, 50 లక్షల చోట్ల వేరే ఉంటది. అదేం రోగం కాదు, అమ్మ నాయిన కాడికెంచి వచ్చిన తేడా. నా ముక్కు నీ ముక్కు వేరే ఉన్నట్టు. గడ్డను సదివితే ఈ పుట్టు తేడాలు, క్యాన్సర్ తెచ్చిన తేడాలు రెండూ కలిసి వస్తయి. ఏది ఏదో ఏరాలె. సక్కటి తొవ్వ ఒకటే. అదే మనిషి రక్తం కూడ తీసి సదివి, రక్తంల ఉన్నదాన్ని గడ్డ లెక్కల నుంచి తీసెయ్యాలె. రక్తం కూడ సదివితే ఖర్చు పెరుగుతది. గందుకని చానా చోట్ల గడ్డనే సదివి ఊకుంటరు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తది? లోకంల ఎంతోమంది మామూలు మనుషుల తేడాలు రాసి పెట్టిన పెద్ద జాబితా చూస్తది. జాబితాల ఉంటే పుట్టు తేడా అని తీసేస్తది. లేకుంటే క్యాన్సర్ తెచ్చిందేమో అని ఉంచుతది.

ఆ జాబితాలల్ల పెద్దది నోమాడ్. 2023 నవంబర్‌ల వచ్చిన దాని నాలుగో కూర్పుల 8 లక్షల 7 వేల మంది ఉన్నరు. అండ్ల మన దక్షిణాసియా వాళ్ళు ఎంతమంది? ఇంచుమించు 45 వేలు. లోకంల నలుగురిల ఒక్కరు మనమే, జాబితాల మాత్రం నూటికి ఆరుగురు కూడ లేరు. ఆ 45 వేలల్ల మన జిల్లాలోళ్ళు, మన కులాలోళ్ళు, గోండులు, చెంచులు, లంబాడోళ్ళు ఎంతమంది ఉంటరో సోంచాయించుండ్రి. మన దేశంల తరతరాలుగ కులం లోపలనే, కొన్ని చోట్ల మేనరికాలే చేసుకుంటరు. అందుకని ఒక్కో సముదాయంల కొన్ని తేడాలు మంద మీద కనవడ్తయి, బయట ఏడా కనవడవు. ఆ తేడా మన ఊర్లె పదిమందిల ఒకనికి ఉండొచ్చు. న్యూయార్క్ కంప్యూటర్‌కు మాత్రం అది వింత.

ఇది నా ఊహ కాదు. క్యాన్సర్‌ల మ్యుటేషన్ల లెక్క ఎక్కువుంటే ఒక ఇమ్యునోథెరపీ మందు ఇయ్యొచ్చు అని అమెరికా 2020 జూన్‌ల అనుమతి ఇచ్చింది. పది లక్షల అక్షరాలకు పది మార్పులు దాటితే అర్హత. రక్తం సదవకుంట గడ్డనే సదివినకాడ, యూరప్ వంశపోళ్ళు కానోళ్ళకు ఈ లెక్క లేనిదాని కంటె ఎక్కువ చూపిస్తున్నది అని 2022ల పరిశోధకులు తేల్చిన్రు. పుట్టు తేడాలను క్యాన్సర్ మార్పులని లెక్కేసుడే దానికి కారణం. అంటే మన మనిషికి లెక్క తప్పుగ పెరిగి, పనిచెయ్యని మందుకు లక్షలు పెట్టే ప్రమాదమున్నది. సాఫ్ట్‌వేర్‌కు కుళ్ళు లేదు, కుట్ర లేదు. దానికి మనం తెల్వదు, గంతే. కని తెల్వకపోవుట్ల కూడ ఎవరో ఒకరు నష్టపోతరు గద.

మనోళ్ళు చేతులు కట్టుకొని కూసున్నరని కూడ అనలేం. ముంబై టాటా మెమోరియల్ సెంటర్ పరిశోధకులు 2016లనే టీఎంసీ ఎస్‌ఎన్‌పీడీబీ అనే భారత జాబితా పెట్టిన్రు. 62 మంది నమూనాల నుంచి 1 లక్ష 14 వేల పైచిలుకు పుట్టు తేడాలు ఏరి, గడ్డ లెక్కల నుంచి తీసేసేటందుకు అందరికీ ఫ్రీగ ఇచ్చిన్రు. 62 మంది అంటే ఎంత? ఒక పెండ్లి బస్సు జనం. గంత చిన్న జాబితా కూడ పనికొచ్చిందంటే ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తది. తర్వాత సీఎస్‌ఐఆర్ కింద ఢిల్లీ ఐజీఐబీ, మన హైదరాబాద్ హబ్సిగూడల ఉన్న సీసీఎంబీ కలిసి ఇండిజెన్ కింద వెయ్యి మంది జీనోమ్‌లు సదివినయి. 2020ల మొదలైన జీనోమ్ ఇండియా 10 వేల మందిది సదివి, 2025 జనవరిల ఫరీదాబాద్ డేటా సెంటర్ నుంచి పరిశోధకులకు తెరిచింది. అండ్ల కూడ సీసీఎంబీ ఉన్నది. ఐఐటీ మద్రాస్ 2025 ఫిబ్రవరిల భారత క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అని రొమ్ము క్యాన్సర్ తోని మొదలుపెట్టింది, 480 మంది రోగుల నమూనాలు.

మంచిదే. కని నా పంచాయితీ ఏందంటే, ఈ డేటా పరిశోధన పేపర్ల కాడ ఆగితే మా అత్త రిపోర్టుకు ఏం లాభం? జీనోమ్ ఇండియా డేటా కావాల్నంటే దరఖాస్తు పెట్టాలె, కమిటీ చూడాలె. మనుషుల డీఎన్‌ఏ గనుక పైలం ఉండాల్సిందే, కాదంటలేను. కాకపోతే ఎవరి పేరు, ఎవరి జీనోమ్ బయటపెట్టకుంట, ‘ఫలాన తేడా మన దగ్గర నూటికి ఇంతమందికి ఉన్నది’ అనే లెక్క ఒక్కటే జిల్లా ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు కూడ అందేటట్టు చెయ్యొచ్చు. నోమాడ్ చేసేది గదే పని. మన పన్నుల పైసల తోని సదివిన జీనోమ్‌లు, మన దవాఖాన కంప్యూటర్‌ల లేకపోవుడు ఏం న్యాయం?

మందు చౌక, మరి పరీక్ష?

2024 జులై బడ్జెట్‌ల కేంద్రం మూడు క్యాన్సర్ మందుల మీద కస్టమ్స్ సుంకం తీసేసింది. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్, దుర్వాలుమాబ్, ఒసిమెర్టినిబ్. ఈ మూడోది ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్నోళ్ళకే. అంటే ఆ మార్పు ఉన్నదో లేదో పరీక్ష చేస్తేనే ఆ మందుకు అర్థం. తాళం ధర తగ్గిచ్చిన్రు, చేవి ఏడున్నదో చెప్పలే. చిన్న పరీక్షకు వేలు, పెద్ద ప్యానెల్‌కు లక్ష దాక, కొన్నిటికి అంతకంటే ఎక్కువ అడుగుతున్నరు. నా మాటేందంటే, ఒక మందు ఫలాన మార్పు ఉన్నోళ్ళకే అని రాసి ఉంటే, ఆ మందునూ ఆ పరీక్షనూ ఒకటే ప్యాకేజీగ చూడాలె. ఆరోగ్యశ్రీల గానీ, ఆయుష్మాన్‌ల గానీ, రెడ్‌హిల్స్ కాడ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానల గానీ, వైజాగ్ టాటా దవాఖానల గానీ. అందరికీ ఐదు వందల జీన్ల పరీక్ష చెయ్యమంటలేను, అది దుబారా. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నాలుగైదు జీన్లు చూస్తే ఎక్కువ మందికి సరిపోతది, కొన్నిటికి చౌకైన పీసీఆర్ పరీక్షనే చాలు. ఏ రోగికి ఏది అవసరమో తేల్చేటోళ్ళు కావాలె.

మన గడ్డకు ఈ కొట్లాట కొత్తేం కాదు. ఇమాటినిబ్ మందు 2001ల వచ్చింది. ఒక రకం రక్త క్యాన్సర్‌ల బీసీఆర్-ఏబీఎల్ అనే డ్రైవర్‌ను పట్టుకునే గోలి. జీన్ చూసి మందిచ్చే కాలం దాని తోనే గట్టిగ మొదలైంది. నోవార్టిస్ కంపెనీ గోలీలకు నెలకు లక్ష రూపాయల పైనయ్యేది. మన కంపెనీల జెనరిక్ పది వేలకు అటిటు. పేటెంట్ కేసు సుప్రీంకోర్టు దాక పోయింది, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడింది. ఆ పేటెంట్‌కు అడ్డం నిలబడ్డ వాళ్ళల్ల హైదరాబాద్ నాట్కో కూడ ఉన్నది. అంటే మందు కాడ మనం లోకానికే తొవ్వ చూపినం. ఇప్పుడు తాళం మందు కాడ లేదు, ఎరుక కాడ ఉన్నది. ఆంకోకేబీని సదువు కోసం, పరిశోధన కోసం అయితే ఫ్రీగ వాడొచ్చు. రోగుల రిపోర్టులల్ల వాడాల్నన్నా, యాపారానికి వాడాల్నన్నా లైసెన్స్ కావాలె. సివిక్ మాత్రం పూర్తిగ ఫ్రీ, ఎవరన్న వాడొచ్చు. అంతే కాదు, ఎవరన్న ఎక్కియ్యొచ్చు. ఖాతా తెర్సి, పరిశోధన పేపర్ సదివి, రుజువు రాసి పంపితే ఎడిటర్లు చూసి ఒప్పుకుంటరు. జిల్లా కాలేజీలల్ల బయోటెక్ సదివి, ‘ఈ సదువుకు నౌకరి లేదు’ అని తిరుగుతున్న తమ్ముళ్ళు చెల్లెండ్లు మస్తుమంది నాకు తెల్సు. ఒక ల్యాప్‌టాప్, ఇంగ్లీషు పేపర్ సదివే ఓపిక ఉంటే నేర్చుకునే పని ఇది. మన దవాఖానలకు రేపు గిసొంటోళ్ళే కావాలె.

అట్లని పోస్టర్లల్ల రాసినట్టు ‘జీన్ పరీక్షతో క్యాన్సర్ మాయం’ అంటే నమ్మకుండ్రి. 2018ల అమెరికా లెక్క తీసిన్రు. క్యాన్సర్ ముదిరినోళ్ళల్ల జీన్ చూసి ఇచ్చే మందుకు అర్హులు నూటికి 8 మంది పైచిలుకు, నిజంగ లాభం పొందేది నూటికి ఐదుగురు కంటె తక్కువ అని తేలింది. ఆ తర్వాత మందులు పెరిగినయి, కని ఇప్పటికీ చానా మందికి ఆపరేషన్, కీమో, కరెంటు వైద్యమే దిక్కు. ఆ ఐదుగురిల మన మనిషి ఉంటే పాణం నిలబడ్తది కాబట్టి పరీక్ష కావాలె. మిగిలినోళ్ళకు ఆశ అమ్ముడు మాత్రం పాపం.

పెద్ద పేరు చూసి మురిసిపోవుడు కూడ వద్దు. ఐబీఎం వాట్సన్ అని కొన్నేండ్ల కింద ఎంత మోత మోగిచ్చిన్రు! క్యాన్సర్ వైద్యం కంప్యూటరే చెప్తదన్నరు, మన దేశంల కూడ కార్పొరేట్ దవాఖానలు పెట్టుకున్నయి. 2018ల దాని లోపలి కాయిదాలు బయటికొస్తే, ప్రమాదమైన సలహాలు ఇచ్చిందని తెల్సింది. దానికి నేర్పింది నిజం రోగుల కేసుల తోని కాదు, ఎక్కువ మటుకు డాక్టర్లు కల్పించిన కేసుల తోని. 2022ల ఆ వ్యాపారాన్నే అమ్ముకున్నరు. ఇప్పుడు ప్రతి ఫోన్‌ల చాట్‌బాట్ ఉన్నది. రిపోర్టు ఫోటో కొట్టి దాంట్ల పెట్టి ‘మా నాయినకు ఏం మందు?’ అని అడుగుతున్నరు. బెర్లిన్ షారిటే దవాఖానోళ్ళు 2023ల నాలుగు చాట్‌బాట్ రకం సాఫ్ట్‌వేర్లకు పది కల్పిత రోగుల మ్యుటేషన్లు ఇచ్చి చూసిన్రు. నిపుణులంత మంచిగ చెప్పలేకపాయె. కొన్ని పనికొచ్చే ఆలోచనలు ఇచ్చినయి, అది కూడ నిజమే. పదం అర్థం తెల్సుకునుటానికి అడుగుండ్రి, నేను కూడ అడుగుత. మందు పేరు మాత్రం డాక్టర్ నోట్లకెంచి రావాలె. ఇంకోటి, ఆ ఫోటోల పేరు, ఆధార్, ఫోన్ నంబర్ కొట్టేసి పెట్టుండ్రి. ఒకరి డీఎన్‌ఏల సగం వాళ్ళ పిల్లలది కూడ. 2023ల వచ్చిన మన డేటా చట్టంల ఆరోగ్య డేటాకు ప్రత్యేకమైన కంచె ఏం లేదు, అన్ని డేటాలాగనే చూస్తది.

సాఫ్ట్‌వేర్‌లే ఒకదాని తోని ఒకటి కలవవు. ఆరు పెద్ద ఎరుకపుస్తకాలను కలిపి చూసిన లెక్క 2020ల వచ్చింది. చానా మార్పుల వివరం ఏదో ఒక్క పుస్తకంలనే ఉన్నది, మిగిలిన ఐదిట్ల లేదు. అంటే మీ ల్యాబ్ ఏ పుస్తకం తెరిచిందో, దాని మీద మీ మందు ఆధారపడ్తది. అందుకే పెద్ద దవాఖానలల్ల మాలిక్యులర్ ట్యూమర్ బోర్డు అని పెడ్తరు. క్యాన్సర్ డాక్టర్, పాథాలజిస్ట్, జెనెటిక్స్ మనిషి, కంప్యూటర్ మనిషి ఒక్కకాడ కూసొని ఒక్కో రిపోర్టు మీద మాట్లాడుకుంటరు. వరంగల్‌ల, కర్నూల్‌ల ఉన్న డాక్టర్ కూడ వీడియో మీద ఆ బోర్డుకు కేసు పెట్టేటట్టుంటే పట్నం బస్సు ఛార్జీలు మిగులుతయి. దీనికి కొత్త బిల్డింగ్ అవసరం లేదు.

ఇంట్ల ఎవరికన్న ఈ పరీక్ష రాస్తే, కొన్ని సంగతులు యాది పెట్టుకోండ్రి. ముక్క తీసేనాడే ‘ఫార్మలిన్‌లనే పెడ్తున్నరా, జీన్ పరీక్షకు సరిపోయేంత తీస్తున్నరా’ అని అడుగుండ్రి. ఫార్మలిన్ ఎక్కువ దినాలున్నా ఖరాబే, అది డీఎన్‌ఏ అక్షరాలను తనే మార్చి, లేని మ్యుటేషన్ ఉన్నట్టు చూపిస్తది. బ్లాక్ ఏడున్నదో తెల్సుకోండ్రి, అవసరమైనప్పుడు అడిగి తెచ్చుకోండ్రి. అది మీ మనిషి ఒంట్ల ముక్క, పారేసే సామాన్ కాదు. గడ్డ తోని పాటు రక్తం కూడ సదువుతున్నరా, ఒక్క గడ్డనేనా అన్నది అడుగుండ్రి. ఎందుకు అని డాక్టర్ ఎదురడిగితే, పైన చెప్పిన జాబితా ముచ్చట చెప్పుండ్రి. మంచి డాక్టర్ అయితే కూసోబెట్టి మాట్లాడ్తడు.

ఆఖరి పేజీ కింద చిన్న అక్షరాలల్ల ఏ డేటాబేస్, ఎన్నో కూర్పు, ఏ తేదీది వాడిన్రో రాసి ఉంటది. దాన్ని ఎవరూ సదవరు, మీరు సదవుండ్రి. కేరాస్ జీన్ల జీ12సీ అనే మార్పు ఉన్నది. దానికి మందే తయారు కాదని ఏండ్లకేండ్లు అన్నరు. 2019ల ఊపిరితిత్తుల రిపోర్టుల అది కనవడితే ‘అనుమతి ఉన్న మందు లేదు’ అనే రాసేది. 2021 మేల సోటోరాసిబ్ అనే మందుకు అమెరికాల అనుమతి వచ్చింది. గడ్డ మారలే, అక్షరం మారలే, పుస్తకం మారింది. గిట్ల పాత రిపోర్టును కొత్త పుస్తకం తోని మల్ల సదివేటందుకు మల్ల సూది అక్కర్లేదు, మల్ల మిషన్ అక్కర్లేదు. ల్యాబ్ కాడ దాసిన ఫైల్ ఉంటే సాఫ్ట్‌వేర్ మల్ల నడిపితే చాలు. మీ ఇంట్ల రెండు మూడేండ్ల కిందటి రిపోర్టు ఉంటే, మనిషి ఇంక వైద్యంల ఉంటే, తేదీ చూసి ‘దీన్ని మల్ల సదివిపిస్తరా సార్’ అని డాక్టర్‌ను అడుగుండ్రి.